శ్రీరంగపట్నం యుద్ధభూమిని చూడాలంటే గండి దగ్గర మొదలుపెట్టండి

మైసూరు వెళ్ళిన తెలుగువాళ్ళను అడిగితే చాలామంది శ్రీరంగపట్నం చూశామనే అంటారు. రంగనాథుడి గుడి, దరియా దౌలత్ తోట, టిప్పు గుంబజ్, సంగమం. ఆటో అతను ఈ నాలుగూ మూడు గంటల్లో తిప్పేసి బస్టాండు దగ్గర దింపేస్తాడు. చూసినవన్నీ చూడదగ్గవే. కానీ 1799 మే 4న మధ్యాహ్నం ఏ గోడ ఎక్కి ఇంగ్లీషు సైన్యం లోపలికి దిగిందో, టిప్పు ఏ దారిన వెనక్కి తగ్గాడో, ఎక్కడ పడిపోయాడో, ఆ చోట్లు ఈ చుట్టులో సగం కూడా రావు. యుద్ధం జరిగిందంతా కోట పడమటి, ఉత్తరపు గోడల మీద. ఆటో తిరిగేది ఎక్కువగా తూర్పున.

అందుకే ఇక్కడ చెప్పే వరస వేరు. ఏది దగ్గరైతే అది చూడడం కాదు, ఆ రోజు సైన్యం నడిచిన దారినే మీరూ నడవాలి. పడమట మొదలై తూర్పున ముగుస్తుంది. దీనికి ఒక పూట కాదు, ఒక రోజు కావాలి.

బయల్దేరే ముందు తెలిసి ఉండాల్సింది

కావేరి రెండు పాయలుగా చీలి మళ్ళీ కలిసే మధ్యలో ఉన్న లంక శ్రీరంగపట్నం. పొడవు సుమారు 5 కిలోమీటర్లు, వెడల్పు ఒకటిన్నర. కోట ఈ లంక పడమటి కొసన ఉంది. మూడు వైపులా ఏరు కాపలా కాస్తుంటే వేసవిలో తప్ప దాటడం కష్టం. ఈ ఒక్క ముక్క గుర్తుంటే ముట్టడి మొత్తం అర్థమవుతుంది.

1792లో ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ ఇదే కోట మీదికి వచ్చి టిప్పు చేత సగం రాజ్యం వదిలించాడు. ఇద్దరు కొడుకుల్ని జామీనుగా తీసుకెళ్ళాడు. 1799లో జనరల్ హారిస్ మద్రాసు సైన్యంతో తూర్పు నుంచి, జనరల్ స్టూవర్ట్ బొంబాయి సైన్యంతో పడమటి నుంచి వచ్చారు. హారిస్‌తో పాటు నిజాం బలగం కూడా ఉంది. దాని పెద్ద మీర్ ఆలం. హైదరాబాదులో జూపార్కు పక్కన మీరాలం చెరువు చూసే ఉంటారు, ఆ పేరు ఈయనదే. ఆ బలగానికి జతచేసిన ఇంగ్లీషు అధికారి ఆర్థర్ వెల్లెస్లీ. తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన వెల్లింగ్టన్ ఇతనే.

ఏప్రిల్ 5న సైన్యం కోట ఎదుట దిగింది. హారిస్‌కు రెండు భయాలు. ఒకటి, తెచ్చుకున్న తిండిగింజలు అయిపోతున్నాయి. రెండు, జూన్‌లో కొడగు కొండల మీద వాన పడితే కావేరి పొంగుతుంది, ఇక దాటడం ఉండదు. నెల లోపల గోడకు గండి కొట్టి లోపలికి దూకాలి, లేదంటే వచ్చిన దారినే తిరిగి పోవాలి. మే 3 నాటికి పడమటి గోడకు, వాయవ్య మూలకు దగ్గరగా, మనుషులు ఎక్కగలిగేంత గండి పడింది. మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో నాలుగు వేల పైచిలుకు మంది ఏట్లోకి దిగారు.

ఫోన్‌లో ఒక పాత నక్షా దింపుకోండి. 1800 ప్రాంతంలోనే ముట్టడి నక్షాలు అచ్చయ్యాయి, ఉచితంగా దొరుకుతాయి. అయితే వెతికేటప్పుడు శ్రీరంగపట్నం అని కొడితే రావు. ఇంగ్లీషువాళ్ళ నోట ఆ పేరు ‘సెరింగపటం’ అయింది, ఆ స్పెల్లింగుతోనే వెతకాలి. దొరికాక ముందు ఉత్తరం బాణం ఎటుందో చూసుకోండి. పాత నక్షాలన్నిట్లో ఉత్తరం పైకి ఉండదు. అది గమనించకుండా పట్టుకుని నడిస్తే గండి కోసం తూర్పు గోడ దగ్గర వెతుక్కుంటారు.

ఎప్పుడు, ఎలా వెళ్ళాలి

హాయిగా తిరగాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి. యుద్ధం అర్థం కావాలంటే ఏప్రిల్ ఆఖరి వారం, మే మొదటి వారం. ఎండ 35 డిగ్రీల దాకా ఉంటుంది గానీ ఏట్లో బండలు తేలి కనిపిస్తాయి, సైనికులు ఎందుకు దాటగలిగారో కళ్ళకు కడుతుంది. జులై, ఆగస్టుల్లో వెళ్తే దానికి తిరగేసిన పాఠం. నిండుగా పారే కావేరిని చూస్తే హారిస్ తొందర అర్థమవుతుంది. ఒక్క సంగతి మాత్రం మనసులో పెట్టుకోండి. ఎగువన కృష్ణరాజసాగరం ఉంది. 1930ల నుంచి ఇక్కడి నీరు ఆనకట్ట వదిలినంతే. 1799లో ఉన్న లోతు ఈ రోజు అదే తేదీన ఉండాలని లేదు.

మకాం మైసూరులో పెట్టుకోవడం మేలు. దూరం 15 కిలోమీటర్లే, గదులు ఎక్కువ, తిండికి ఇబ్బంది ఉండదు. కాచిగూడ నుంచి మైసూరుకు నేరుగా రాత్రి రైలుంది. బెంగళూరు మీదుగా వచ్చేవాళ్ళకు బెంగళూరు–మైసూరు లైను కోట మధ్యలోంచే పోతుంది, శ్రీరంగపట్నం స్టేషను కోట లోపలే ఉంది. కానీ అన్ని రైళ్ళూ అక్కడ ఆగవు, టికెట్టు తీసే ముందు చూసుకోండి. మైసూరు నుంచి సిటీ బస్సులు రోజంతా ఉంటాయి.

సొంత కారులో వచ్చేవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఎక్స్‌ప్రెస్‌వే దగ్గర. 2023లో తెరిచిన బెంగళూరు–మైసూరు రోడ్డు శ్రీరంగపట్నాన్ని బైపాస్ చేసి పోతుంది. పాటలు వింటూ అదే రోడ్డు మీద ఉంటే కావేరి దాటి మైసూరు చేరిపోతారు. శ్రీరంగపట్నం బోర్డు కనపడగానే సర్వీసు రోడ్డులోకి దిగి పాత రోడ్డు పట్టుకోవాలి. ‘నాన్‌స్టాప్’ అని రాసిన బెంగళూరు బస్సుల సంగతీ ఇదే, ఊళ్ళోకి వస్తుందా అని కండక్టరును అడిగాకే ఎక్కండి. బైకులకు, ఆటోలకు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన లేన్ల మీద అనుమతి లేదు.

వెంట ఉండాల్సినవి: మనిషికి రెండు లీటర్ల నీళ్ళు (గోడల మీద అంగళ్ళు ఉండవు), మడమ దాకా కప్పే బూట్లు, పొడుగు ప్యాంటు, టోపీ, చిన్న టార్చి. చెప్పులు వద్దు. గోడ మీద నల్లరాయి పలకలు కదులుతుంటాయి, సందుల్లో ముళ్ళకంప, పగిలిన సీసాలు. అగడ్తల పక్కన పొదల్లో పాములుంటాయి. గుడికి, గుంబజ్‌కు బూట్లు విప్పాలి కాబట్టి చెప్పులే సుఖమనుకుంటారు, ఆ సుఖం మొదటి గంటలోనే తీరుతుంది.

పొద్దున 6:30, గండి దగ్గర

ఆటో అతనికి ‘బ్రీచ్’ అంటే తెలియకపోవచ్చు. కోట పడమటి కొసన, ఏటి ఒడ్డున ఉన్న సూది మొన స్తంభం దగ్గరికి తీసుకెళ్ళమనండి. ఫోన్‌లో ఆ స్తంభం గుర్తు పెట్టుకుని చూపించడం ఇంకా సులువు. రంగనాథుడి గుడి నుంచి పడమరగా కొద్దిపాటి నడకే. ఈ స్తంభాన్ని 1907లో మైసూరు ప్రభుత్వం నిలబెట్టింది. చుట్టూ ఉన్న ఫలకాల మీద ముట్టడిలో పాల్గొన్న పటాలాల పేర్లు, చనిపోయిన అధికారుల పేర్లు చెక్కారు. తీరిగ్గా చదవండి. మద్రాసు సిపాయి పటాలాలు కనపడతాయి. ఆ పటాలాల్లో మన కోస్తా జిల్లాల మనుషులు ఎందరో. ఉత్తరాదిన సిపాయిని ‘తిలంగా’ అని పిలిచేవాళ్ళంటే ఆ మాట పుట్టుక మనవైపే. వాళ్ళలో ఒక్క సిపాయి పేరైనా రాతి మీద ఉందేమో వెతికి చూడండి.

చదివాక స్తంభానికి వీపు పెట్టి ఏటివైపు తిరిగి నిలబడండి. అవతలి ఒడ్డున ఇప్పుడు తోటలు, పొలాలు కనిపించే దిక్కునే ఫిరంగులు మోహరించాయి. వాటికీ మీకూ మధ్య ఏరు సుమారు 280 గజాలు. నీళ్ళు ఒకచోట చీలమండ దాకా, ఇంకోచోట నడుం దాకా. అడుగున పాచి పట్టిన గుండ్రాళ్ళు. పరుగెత్తడానికి లేదు, ఆగితే పైనుంచి తుపాకులు. దాడిని ముందుండి నడిపింది జనరల్ బెయిర్డ్. 1780లో పట్టుబడి మూడున్నరేళ్ళకు పైగా ఇదే కోటలో ఖైదీగా గొలుసుల్లో మగ్గినవాడు. ముందు దళం గండి ఎక్కి జెండా పాతడానికి ఆరేడు నిమిషాలు పట్టింది.

మీరూ గడియారం పెట్టుకుని ఏడు నిమిషాలు ఆ ఏటిని ఊరికే చూడండి. పిల్లలుంటే వాళ్ళకీ ఇదే పని చెప్పండి. ఏ గైడూ చెప్పలేనిది ఇక్కడ తెలుస్తుంది: ఏడు నిమిషాలు ఎంత చిన్నవో, ఎంత పెద్దవో. మధ్యాహ్నం ఒంటిగంట ఎందుకంటే కోటలోవాళ్ళు ఎండకు నీడపట్టున చేరి, అన్నాలకు కూర్చునే వేళ అది. దాడి జరిగేది రాత్రి అని లోపలివాళ్ళు అనుకుంటారన్న లెక్క.

ఏట్లోకి మాత్రం దిగకండి. నీళ్ళు తక్కువగా కనపడ్డా బండల మధ్య సుడిగుండాలుంటాయి, ఆనకట్ట నుంచి వదిలితే మట్టం గబుక్కున పెరుగుతుంది. ఈ పాయల్లో మొసళ్ళు కూడా ఉన్నాయి. రంగనతిట్టు పక్షుల లంకల్లో బండల మీద ఎండ కాచుకునేవి ఈ ఏటివే. స్నానం చేయాలంటే జనం చేసే స్నానఘట్టంలోనే.

గోడను చదవడం

ఇప్పుడు వెనక్కి తిరిగి గోడ చూడండి. బయటినుంచి చూస్తే ఒకటే గోడ. ఎక్కి చూస్తే వెలుపలి గోడ ఒకటి, లోపలి గోడ ఒకటి, రెంటి మధ్య లోతైన అగడ్త. వెలుపలి గోడ ఎక్కిన ఇంగ్లీషు దళాలకు ఎదురైన అసలు చిక్కు ఇదే. కోట దొరికిందనుకుంటే ముందు ఇంకో కందకం, దాని అవతల ఇంకో గోడ. రెండు దళాలుగా చీలి ఒకటి కుడికి, దక్షిణపు గోడ వెంట. ఇంకొకటి ఎడమకు, ఉత్తరపు గోడ వెంట సాగాయి. కుడివైపు దళానికి పెద్దగా ఎదురు రాలేదు. ఎడమవైపు దళాన్ని ఆపింది స్వయంగా టిప్పు. ఒక చిన్న గుంపు ఇరుకు దారిలో లోపలి అగడ్త దాటి, లోపలి గోడ మీదికెక్కి, అక్కణ్ణించి సమాంతరంగా నడుస్తూ పక్కనుంచి కాల్చడం మొదలుపెట్టాకే ఆ పట్టు సడలింది. రెండు గోడల మీదా ఒకేసారి, పక్కపక్కనే జరిగిన పోరు ఇది. గోడ పైన నిలబడి అగడ్తకు అటూ ఇటూ చూస్తే తప్ప పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కదు.

రాతిని దగ్గరగా చూడండి. అంచున వరసగా, సమానమైన ఎడంలో చిన్న చిన్న చదరపు గుంటలు కనిపిస్తే అవి గుండ్ల దెబ్బలు కావు. బండను చీల్చడానికి కొట్టినవాళ్ళు మేకులు దిగేసిన గుర్తులు. గుండు దెబ్బ తగిలితే రాయి పెళ్ళలుగా, పళ్ళెంలా లేస్తుంది, వరస ఉండదు. మన ఊళ్ళ దగ్గర రాళ్ళు కొట్టే క్వారీ చూసినవాళ్ళు ఈ తేడా ఇట్టే పడతారు. చూపించేవాళ్ళు మాత్రం ప్రతి గుంటనూ తూటా దెబ్బే అంటారు.

ఉత్తరపు గోడ వెంట తూర్పుగా నడవాలి. దారి కొన్నిచోట్ల గోడ మీద, కొన్నిచోట్ల పొదలు అడ్డొస్తే కింద వీధిలో. పట్టుదలకు పోయి పొదల్లోంచి దూరకండి, దిగి నడిచి మళ్ళీ ఎక్కండి. పెద్దవాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింది వీధిలో ఆటోలో వచ్చి మిమ్మల్ని కలుసుకోవచ్చు. గండి నుంచి టిప్పు పడిన చోటు దాకా ఆగుతూ చూస్తూ నడిస్తే గంటన్నర పడుతుంది.

బెయిలీ చెర, నీటి వాకిలి

దారిలో ఉత్తరపు గోడ పక్కన తెల్లటి కమానుల భూగృహం వస్తుంది. కర్నల్ బెయిలీ డంజన్ అని బోర్డు. పొడవు 30 మీటర్లు, వెడల్పు 12 మీటర్లు. గోడకు ఆనించి నిలబెట్టిన రాతి పలకలకు రంధ్రాలున్నాయి. ఖైదీల చేతులు ఆ రంధ్రాలకు గొలుసులతో కట్టేవారని చెబుతారు. నడుమ పడి ఉన్న ఫిరంగి ముట్టడిలో పైకప్పు పగిలి లోపల పడ్డది. బెయిలీ 1780 సెప్టెంబరు 10న కంచి దగ్గర పొల్లిలూరులో టిప్పుకు పట్టుబడ్డ అధికారి. 1782లో ఈ ఊళ్ళోనే పోయాడు. లోపలికి మెట్లు దిగాలి, వానాకాలం జారతాయి.

ఇక్కణ్ణించి ఇంకాస్త తూర్పుగా నీటి వాకిలి. దీని పేరు ఇంగ్లీషువాళ్ళ రాతల్లో చిత్రంగా మారిపోయి కనపడుతుంది. అసలు మాట కన్నడంలో ‘హొళె దిడ్డి’. హొళె అంటే ఏరు. దిడ్డి మన దిడ్డివాకిలిలోని దిడ్డే, పెద్ద ద్వారం కాదు, పక్కవాకిలి. ఆ మాట అర్థమైతే ఆ మధ్యాహ్నం ఇక్కడ ఏం జరిగిందో చెప్పనక్కర్లేదు. గోడ మీద వెనక్కి తగ్గుతూ వచ్చిన సైన్యం, పారిపోతున్న జనం, ఎదురొచ్చే ఇంగ్లీషు తుపాకులు, అన్నీ ఒక ఇరుకు వాకిట్లో ఇరుక్కున్నాయి. అప్పటికే గాయపడిన టిప్పు ఆ తొక్కిసలాటలోనే పడ్డాడు. ఆ రాత్రి దివిటీలు పట్టుకుని శవాల గుట్టలో వెతికి గాని అతన్ని గుర్తుపట్టలేకపోయారు.

శవం దొరికిన చోట చిన్న రాతి ఫలకం ఉంది. వెతుక్కుంటూ దాటిపోయేంత చిన్నది. దారి తప్పితే ‘టిప్పు సత్త జాగ ఎల్లి?’ అని అడగండి, చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. సమాధి ఇది కాదు, అది లంక తూర్పు కొసన గుంబజ్‌లో ఉంది. ఈ రెంటినీ కలిపేసి ‘సమాధి చూసేశాం’ అని వెళ్ళిపోయేవాళ్ళు ఉన్నారు.

గైడు ఇక్కడ టిప్పు మంత్రి మీర్ సాదిక్ కథ ఎత్తుకుంటాడు. జీతాలిస్తామని సైనికుల్ని గండి దగ్గర నుంచి పిలిపించి కోటను అమ్మేశాడన్నది ఆ కథ సారాంశం. మీర్ సాదిక్‌ను సొంత సైనికులే చంపారన్నది నిజం. కానీ ఒక్కడి ద్రోహంతో కోట పోయిందనుకుంటే మీరు పొద్దున చూసిన గండీ, నెల రోజుల ఫిరంగి దెబ్బలూ, తగ్గిన ఏరూ లెక్కలోకి రాకుండా పోతాయి. మైసూరు దాకా సొరంగం ఉందన్న కథ కూడా చెబుతారు. వినండి, టీ ఇప్పించండి.

స్టేషను వైపు వస్తే టిప్పు మందుగుండు కొట్టు ఒకటి కనిపిస్తుంది. రైల్వే రెండో లైనుకు అడ్డమొచ్చిందని 2017లో ఆ కట్టడాన్ని కూల్చకుండా మొత్తంగా ఎత్తి పక్కకు జరిపారు. అంటే అది ఇప్పుడు ఉన్న చోటు పాత నక్షాలో ఉండదు, తికమక పడకండి. పట్టాల మీదుగా అడ్డదారిన దాటకండి, రైళ్ళ రాకపోకలు ఎక్కువ.

మధ్యాహ్నం

పది పదిన్నరకల్లా రంగనాథుడి గుడికి చేరితే దర్శనం అవుతుంది. ఆలస్యమైతే మధ్యాహ్నం తలుపులు మూస్తారు, నాలుగు దాకా తీయరు. గుడి ఎదుట మైదానంలో లాల్ మహల్ అన్న టిప్పు రాజభవనం ఉండేది. ఇప్పుడు పునాదులే మిగిలాయి.

భోజనం తర్వాత దరియా దౌలత్. కోట నుంచి తూర్పుగా ఒక కిలోమీటరు. 1784లో కట్టిన టేకు మహల్, పురావస్తు శాఖ చేతిలో ఉంది, టికెట్టు ఉంటుంది, సాయంత్రం ఐదుకు మూసేస్తారు. లోపల ఫోటోలు తీయనివ్వరు. ఎండ పడకుండా చుట్టూ తెరలు కట్టి ఉంటాయి కాబట్టి బయటి వెలుగులోంచి వచ్చినవాళ్ళకు మొదట ఏమీ కనపడదు. రెండు మూడు నిమిషాలు ఆగండి. ఆగకుండా ‘పాత రంగులు’ అనుకుని ముందుకు పోయేవాళ్ళే ఎక్కువ.

చూడాల్సింది పడమటి గోడ. వాకిలికి ఎడమన హైదర్, టిప్పుల సైన్యం బయల్దేరడం, కుడిన పొల్లిలూరు యుద్ధం. కుడివైపు బొమ్మ మధ్యలో చదరంగా నిలబడ్డ ఎర్రకోటు సైన్యాన్ని వెతకండి, దాని నడుమ పల్లకీలో ఒక మనిషి వేలు కొరుక్కుంటూ ఉంటాడు. పొద్దున మీరు చూసిన చెర అతని పేరుదే, బెయిలీ. పక్కనే మందుగుండు బండి పేలుతోంది. ఇంకో మూలన నిజాం సైన్యం, యుద్ధం అయిపోయాక తీరిగ్గా వస్తున్నట్టు గీశారు. హైదరాబాదు వాళ్ళను వెక్కిరించడానికి గీసిన బొమ్మ ఇది. దాన్ని గీయించినవాడి కోట మీదికి, పొల్లిలూరు జరిగిన పందొమ్మిదేళ్ళ తర్వాత, అదే నిజాం సైన్యం వేళకే వచ్చింది.

గుంబజ్ ఇంకో రెండు కిలోమీటర్లు తూర్పున. తండ్రి హైదర్ కోసం టిప్పు కట్టించింది. హైదర్, ఆయన భార్య, టిప్పు ముగ్గురి సమాధులూ ఒకే గదిలో ఉన్నాయి. చుట్టూ అద్దంలా మెరిసే 36 నల్లరాతి స్తంభాలు. ఇది ఇప్పటికీ జనం మొక్కుకునే చోటు. చెప్పులు బయట వదలండి, తలకు గుడ్డ కట్టుకోండి, లోపల గొంతు తగ్గించండి. శుక్రవారం రద్దీ. ఆవరణలోనే బెయిలీ స్మారకం ఉంది, 1816లో అతని బంధువు కట్టించాడు.

టిప్పు పేరు కర్ణాటకలో ఈనాటికీ రాజకీయంగా మండే పేరు. వీరుడా, క్రూరుడా అన్న వాదన కోట వీధుల్లో, టీ బడ్డీల దగ్గర ఎత్తకపోవడం మంచిది. నవంబరు 10న టిప్పు జయంతి చుట్టుపక్కల, డిసెంబరులో హనుమమాల యాత్ర రోజున పోలీసు బందోబస్తు ఉంటుంది, కొన్ని దారులు మూస్తారు. ఆ తేదీలు తప్పించి పెట్టుకోండి.

సాయంత్రం ఓపిక మిగిలితే సంగమం కన్నా గారిసన్ శ్మశానం చూడమంటాం. పాత బెంగళూరు–మైసూరు రోడ్డుకు దగ్గర్లో, ఏటి ఒడ్డున ఉంటుంది. కోట గెలిచాక ఇక్కడ కాపురమున్న సైనికులు, వాళ్ళ భార్యలు, పసిపిల్లల సమాధులు సుమారు మూడొందలు. ఎక్కువమందిని చంపింది యుద్ధం కాదు, జ్వరాలు. స్విట్జర్లండు నుంచి వచ్చిన ద మెరాన్ పటాలం వాళ్ళు కూడా ఇక్కడున్నారు. రాళ్ళ మీద వయసులు చదవండి.

దొరికినవి తీసుకోవద్దు

వానలకు మట్టి కొట్టుకుపోయినప్పుడు అగడ్తల పక్కన ఇనుప ముక్క, నాణెం, సీసపు గుండు కనపడడం ఉంది. జేబులో వేసుకోకండి. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. భూమిలో దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలన్నది 1878 నాటి చట్టం, ఇప్పటికీ అమల్లోనే ఉంది. గుడి బయట ‘టిప్పు నాణేలు’ అని అమ్మేవి ఎక్కువగా కొత్తగా పోత పోసినవి. అంచులు చూడండి. అచ్చు గుద్దిన పాత నాణెం గుండ్రం సరిగా ఉండదు, పోత పోసిన దాని అంచున సన్నటి గీత మిగిలి ఉంటుంది. గోడల మీద పేర్లు చెక్కడం గురించి వేరే చెప్పాలా!

అసలు సొత్తు ఎటుపోయిందో చూడాలనుకుంటే లండన్‌లో ఉన్నవాళ్ళకు సులువు. ఇంగ్లీషువాణ్ణి కొరుకుతున్న టిప్పు కొయ్యపులి అక్కడి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

ఇంటిదారిలో

రాయలసీమ వాళ్ళకు ఈ యుద్ధం పక్కరాష్ట్రపు కథ కాదు. 1792లో, 1799లో టిప్పు నుంచి లాక్కున్న నేలలో తన వాటాగా నిజాం పొందిన బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలను 1800లో కంపెనీకి రాసిచ్చేశాడు. అవే దత్తమండలాలు. కోట పడ్డాక మైసూరు పంపకాల కమిషన్‌కు కార్యదర్శుల్లో ఒకడిగా ఉన్న థామస్ మన్రోనే ఆ మండలాలకు కలెక్టరుగా వచ్చాడు. 1799 వాటాలో ఉన్న గుత్తి, గుర్రంకొండ రెండూ టిప్పు పహరా ఉన్న కోటలే. అనంతపురం వైపు పోయేవాళ్ళు గుత్తి కోట ఎక్కవచ్చు, దానికి మూడు గంటలు పెట్టుకోవాలి, పొద్దునే ఎక్కాలి. మదనపల్లె మీదుగా పోయేవాళ్ళకు గుర్రంకొండలో రంగినీ మహల్ రోడ్డుకు దగ్గర్లోనే ఉంది, ఎక్కే పని లేదు. శ్రీరంగపట్నంలో వాడిన బూట్లు డిక్కీలో అడుగున పడేయకండి, గుత్తిలో మళ్ళీ కావాలి.